దెబ్బ ఎట్లా తగిలిందనే గడి

కరీంనగర్‌లో ఒక పెద్ద దవాఖాన క్యాజువాలిటీలో, లోపలికి రాగానే కుడిచేతి పక్కనుండే కౌంటర్ మీద నేను పదకొండేళ్లు కూర్చున్నాను. రికార్డు క్లర్కును. నా ముందు రెండు రిజిస్టర్లు ఉండేవి. ఒకటి మామూలుది. ఇంకోటి పోలీసు కేసులది, దానికి ఎర్ర అట్ట. బండి గుద్దినా, ఎవరైనా కొట్టినా, పురుగుల మందు తాగినా ఎర్ర అట్టలోకి ఎక్కాలి, గేటు దగ్గర కూర్చునే కానిస్టేబులుకు చీటీ పోవాలి. ఇంట్లో జారిపడ్డవాళ్లు, కొడవలి తెగినవాళ్లు, నిచ్చెన మీది నుంచి పడ్డవాళ్లు మామూలు రిజిస్టర్‌లోకి. వాళ్లు కట్టు కట్టించుకుని ఇంటికి పోతారు, అంతే. ఎవరు ఎటు పోవాలో తేల్చేది ఒక్క గడి. ‘దెబ్బ ఎట్లా తగిలింది’ అనే గడి.

ఆ గడి డాక్టరే నింపాలని రూలు. రూలుకేం, గోడకు అంటించే ఉండేది. సోమవారం పొద్దున వచ్చి చూస్తే తెలుస్తుంది ఆ రూలు సంగతి. ఒక మంచం మీద ఇద్దరు, స్ట్రెచర్ మీద ఒకరు, కింద చాప మీద ఇంకొకరు, వాళ్లందరి మధ్య ఒక్కడే డాక్టరు. చేతులకు గ్లోవ్సు, గ్లోవ్సుకు నెత్తురు. పెన్నెక్కడ పట్టుకుంటాడు? "మేడం, మీరు అడిగి రాయండి, నేను సంతకం పెడత" అనేవాడు. నేను అడిగేదాన్ని, రాసేదాన్ని. మధ్యాహ్నం చాయ్ తాగుతూ ఆయన వరుసగా సంతకాలు పెట్టుకుంటూ పోయేవాడు. నాకంటే ముందు ఆ కుర్చీలో కూర్చున్నాయన కూడా అట్లాగే రాసేవాడట. ఇన్నేళ్లలో ఎవరూ ఇదేంటని అడగలేదు.

నా నోరు మంచిది కాదు. మాది సుల్తానాబాద్. చిన్నప్పుడు మా అవ్వ "నోరా, వీపుకు తేకే" అని రోజుకు నాలుగుసార్లు అనేది నన్ను చూసి. క్యాజువాలిటీలో ఆ నోరే నన్ను కాపాడింది. తాగొచ్చి గలాటా చేసేవాళ్లను, ఒక పేషెంటు వెనక పదిహేను మంది జొరబడేవాళ్లను అరిచి బయటికి పంపేదాన్ని. కాంపౌండర్లు నన్ను చూసి నవ్వుకునేవాళ్లు. ఆ పిల్ల విషయంలో మాత్రం ఆ నోరు ఎక్కడ లేవాలో అక్కడ లేవలేదు, ఎక్కడ లేవకూడదో అక్కడ లేచింది. అందుకే ఇదంతా రాసుకుంటున్నాను.

మొదటిసారి ఆ పిల్ల ఎండాకాలంలో వచ్చింది. పాతికేళ్లు కూడా ఉండవు. ఎడమ మణికట్టు వాచి వంకరపోయింది, దాన్ని కుడిచేత్తో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది. వెంట నలుగురు ఆడవాళ్లు. నలుగురూ ఒక్కసారే మొదలుపెట్టారు.

"బాత్రూంల జారిపడ్డది మేడం."

"సబ్బు నీళ్లున్నయి, చూసుకోలే."

"మేము గప్పుడే బీడీల కంపెనీకి పోయొస్తున్నం, కేకేసింది."

"ఆగుండ్రి" అని అరిచాను. "పడ్డది ఆమెనా, మీరా? ఆమెను చెప్పనియ్యుండ్రి."

ఆ పిల్ల తల ఎత్తకుండా "జారిన అక్కా" అంది. అందరూ నన్ను మేడం అంటారు, సిస్టర్ అంటారు, కోపమొస్తే ముసల్ది అంటారు. అక్కా అన్నవాళ్లు తక్కువ. చీటీ రాయడానికి ఊరు అడిగితే ఇక్కడే, బైపాస్ అవతల కాలనీ అంది. పుట్టినూరు అడగాల్సిన పని లేదు కానీ మాటలో తేడా వినిపించి అడిగాను. ఉట్నూర్ పక్కన పల్లె అంది. అవ్వ అక్కడే ఉంటుందట, కూలికి పోతుందట. బాపు లేడు.

ముంజేతి మీద, వాపుకు పైన, నాలుగు వేళ్ల గుర్తులు కమిలి కనబడుతున్నాయి. సబ్బు నీళ్లకు వేళ్లుండవు కదా. ఆ గుర్తులు చూశాను. చూసి ఆ నలుగురిలో పెద్దామె వైపు చూశాను. ఆమె వాళ్ల సంఘానికి లీడరు. పదిమంది ఆడవాళ్లు కలిసి ఒక చిన్న లోన్ల కంపెనీలో సంఘం కట్టారు. ఒకరు కిస్తీ కట్టకపోతే మిగతా తొమ్మిదిమంది కట్టాలి. ఆ లీడరమ్మ నా కళ్లలోకే చూస్తూ "జారిపడ్డది మేడం. జర గట్లనే రాయుండ్రి" అంది. బెదిరింపు కాదు, బతిమిలాట. ఆ ‘గట్లనే’ అన్న మాటతో నాకు మొత్తం అర్థమైపోయింది. జారిపడ్డది అని రాశాను. డాక్టరు ఎముక సరిచేసి సిమెంటు పట్టీ వేశాడు.

రెండు వారాలకు పట్టీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు ఆ పిల్ల గోళ్ల కింద తునికాకు పచ్చదనం కనబడింది. "పట్టీతోని బీడీలు చేస్తున్నవా?" అని తిట్టాను. "వేళ్లు బయటనే ఉన్నయి గదక్కా, కూలి పోతది" అని నవ్వింది. ముందు పళ్ల మధ్య సందు. నవ్వితే చిన్న పిల్లలాగా ఉంది. నాకు పిల్లలు లేరు. ఆ మాట ఇక్కడ ఎందుకంటే, ఆ నవ్వుతోనే నాకు ఆ పిల్ల మీద మమకారం పుట్టింది. చాయ్ తాగించి పంపాను.

రెండోసారి వానాకాలంలో వచ్చింది. ఈసారి పక్కటెముకలు. ఊపిరి తీస్తే మూలిగింది. మళ్లీ లీడరమ్మ, ఇంకో ఇద్దరు. మళ్లీ బాత్రూమే. "మీ కాలనీల బాత్రూమ్‌లన్నీ గీ పిల్ల మీదనే పగబట్టినయా?" అన్నాను. లీడరమ్మ మొహం తిప్పుకుంది. ఎక్స్‌రే చీటీకి లైన్లో నిలబడడానికి వాళ్లు ముగ్గురూ పోయారు. ఆ పిల్లను నా కౌంటర్ పక్కన స్టూలు మీద కూర్చోబెట్టారు. అప్పుడు నా వైపు వంగి, చెవిలో చెప్పింది.

"ఆయిన కొట్టిండు అక్కా. కింద పడేసి తన్నిండు. రాయకు."

నేను ఎర్ర రిజిస్టర్ దగ్గరికి లాక్కున్నాను. "ఎందుకు రాయద్దే? ఇగో, ఎర్ర రిజిస్టర్ ఈడనే ఉన్నది. గేటు కాడ కానిస్టేబుల్ ఉన్నడు. ఇప్పుడే పిలుస్త."

"వద్దక్కా, నీ కాళ్లు మొక్కుత." ఊపిరి ఆగి ఆగి చెప్పింది. "వచ్చే వారం లోన్ సారు ఇల్లు చూడనీకి వస్తడు. మొగోనిది ఫోటో కావాలె, సంతకం కావాలె. ఇంట్ల పోలీస్ కేసున్నదని ఎరుకైతే నాకు గాదు, మా పదిమందికీ ఆపుతరు. లోన్ రానియ్యి. మిషన్ కొంట. కుట్టుడు నాకొస్తది. మిషన్ తీసుకొని మా అవ్వ కాడికి పోత. మల్ల రాను. గీ ఒక్క లోన్ రానియ్యక్కా."

వదిలించుకోవాలంటే లోన్ రావాలి. లోన్ రావాలంటే వదిలించుకోవాల్సినవాడి సంతకం కావాలి. సంతకం కావాలంటే వాడు కొట్టలేదని రాయాలి. ఇదీ ఆ పిల్ల లెక్క. ఆ స్టూలు మీద ఊపిరి పట్టుకుని కూర్చుని ఆ పిల్ల ఇదంతా ఆలోచించి పెట్టుకుంది. నాకు అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. పోలీసు కేసు పెడితే ఏమవుతుందో నేను చూడనిదా? వాడు మూడో రోజు ఇంటికొస్తాడు. ఈ పిల్లకు మిషనూ ఉండదు, చుట్టూ ఆ తొమ్మిదిమందీ ఉండరు. జారిపడ్డది అని రాశాను. ఈసారి తెలిసి రాశాను. మంచి చేస్తున్నాననుకునే రాశాను. దేవుడి మీద ఒట్టు.

ఐదారు రోజులకు ఆ లోన్ సారు నా దగ్గరికే వచ్చాడు. నలభై దాటినాయన, బండి మీద తిరిగి తిరిగి నల్లబడిన మొహం, చంకలో సంచి, చేతిలో ట్యాబు. ఆసిఫాబాద్ బ్రాంచి నుంచి బదిలీ అయి వచ్చాడట. ముందు కుర్చీ కూడా అడగలేదు, ట్యాబులో ఆ పిల్ల ఫోటో చూపించి నిలబడే మాట్లాడాడు.

"మేడం, ఒక్క మాట. గీమె కేసు పోలీస్ కేసా, మామూలుదా? కాలనీల ఒకరు ఒకతీరు చెప్తున్నరు. మొగడు కొడ్తడంటరు, కొట్టడంటరు. రేపు ఇంట్ల లొల్లి అయి ఆమె ఎటన్న పోతే కిస్తీలు ఎవరు కడ్తరు? నా జీతంల కోస్తరు."

పేషెంటు కాగితం బయటివాళ్లకు చూపించకూడదు. అది కూడా గోడ మీద ఉంది. నేను మామూలు రిజిస్టర్ తెరిచి, ఆయన వైపు తిప్పి, వేలు పెట్టి చూపించాను.

"కనబడుతుందా? జారిపడ్డది. డాక్టర్ సంతకం గూడ ఉన్నది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలాడు. తనకూ అదే కావాలి. టార్గెట్ ఉంటుంది కదా. నిలబడే ట్యాబులో ఏదో నొక్కి, "అయిపాయె మేడం, ఇగ ఫికర్ లేదు" అన్నాడు. ఒక పిల్ల బతుకు మీద తీర్పు అట్లా మా కౌంటర్ దగ్గర రెండు నిమిషాల్లో అయిపోయింది. ఆ తీర్పుకు సాక్ష్యం నా రాత. ఆయన పోతూ పోతూ నాకు దండం పెట్టాడు. నాకైతే ఆరోజు ఆ పిల్లకు నేనే మిషన్ కొనిచ్చినంత సంతోషమైంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఇంటికి పోయి మా ఆయనకు కూడా గొప్పగా చెప్పుకున్నాను.

లోన్ వచ్చింది. లీడరమ్మ, ఇంకో ఇద్దరు కలిసి అరకిలో జిలేబి పట్టుకుని దవాఖానకు వచ్చారు. ఆ పిల్ల రాలేదు. "ఏదే మా పిల్ల? మిషన్ కొన్నదా?" అని అడిగాను. ఆడవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"పైసలు ఆమె ఖాతాలనే పడ్డయి మేడం. కార్డు ఆయిన జేబుల ఉంటది గద" అంది లీడరమ్మ. "ట్రాలీ ఆటోకు అడ్వాన్స్ కట్టిండట."

జిలేబి ముక్క నా చేతిలోనే ఉంది. దాన్ని తిరిగి కాగితంలో పెట్టేశాను. ఓసి పిచ్చిముఖమా, కార్డు సంగతి ఎందుకు అడగలేదే నువ్వు అని నన్ను నేను తిట్టుకున్నాను. పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్లు పెట్టిన కంపెనీ వాళ్లు ఇల్లు చూశారు, గోడలు చూశారు, రేషన్ కార్డు చూశారు, మొగుడి ఫోటో తీశారు. ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుందని మాత్రం వాళ్లూ అడగలేదు, నేనూ అడగలేదు.

మూడోసారి చలికాలంలో వచ్చింది. కనుబొమ్మ పైన చీలి ఎముక తెల్లగా కనబడుతోంది. పొద్దున పది గంటలు. లీడరమ్మ ఒక్కతే వెంట ఉంది, ఆమె కూడా ఈసారి ఏమీ మాట్లాడలేదు. ఆ పిల్లే అంది, "జారిన అక్కా" అని, అలవాటైన పాఠం అప్పజెప్పినట్టు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీద రావాలో వాళ్ల మీద రాలేదు, ఎదురుగా ఉన్న ఆ పిల్ల మీదే వచ్చింది. "మల్ల జారినవా? సిగ్గు లేదా నీకు? ఎన్నిసార్లు జారుతవే? ఇప్పుడు ఏ లోన్ కోసం జారినవు? మిషన్ రాకపాయె, నువ్వు పోకపోతివి. చెప్పు, ఇప్పుడే ఎర్ర రిజిస్టర్ తీస్త. చెప్పు!" అని అరిచాను. క్యాజువాలిటీ అంతా మా వైపే చూసింది. స్ట్రెచర్ మీదున్న ముసలాయన కూడా తల ఎత్తాడు.

ఆ పిల్ల మొహం చిన్నబోయింది. నెత్తురు కారి కంట్లోకి పోతుంటే కొంగుతో తుడుచుకుంది. లీడరమ్మ వైపు చూసింది. లీడరమ్మ నేల వైపు చూసింది. ఇంకా చాలా కిస్తీలు ఉన్నాయి. ట్రాలీ ఆటో నడిస్తేనే అవి కడతారు. వాడు జైల్లో కూర్చుంటే ఆ బరువు తొమ్మిదిళ్ల మీద పడుతుంది. ఆ తొమ్మిదిళ్లలో ఒక ఇంట్లో పక్షవాతం మొగుడు, ఇంకో ఇంట్లో మొగుడే లేడు.

"జారిననే రాయక్కా" అంది చివరికి. "నీకు కోపమొచ్చింది. నువ్వు కోపం జేయకు."

"నీ ఇష్టం, సావు పో" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. తెలుగులో ఆ మాట రోజుకు వందమంది వందమందిని అంటారు. అమ్మలు పిల్లల్ని అంటారు. నాకు తెలుసు. ఎన్నిసార్లు అట్లా సర్ది చెప్పుకున్నా ఆ మాట నా గొంతులో నుంచి దిగదు. నేను ఆ పిల్లతో మాట్లాడిన చివరి మాట అది. కుట్లు వేయించుకుని పోతూ నా కౌంటర్ ముందు ఒక్క క్షణం ఆగింది. నేను తల వంచుకుని వేరే వాళ్ల చీటీ రాస్తూ ఉన్నాను, కావాలనే.

నాలుగోసారి ఆ పిల్ల నడిచి రాలేదు. పొద్దున ఎనిమిదిన్నర ఉంటుంది, నేను అప్పుడే వచ్చి రిజిస్టర్‌లో తారీఖు వేస్తున్నాను. ట్రాలీ ఆటో లోపలి దాకా వచ్చింది. కింద చెద్దరు, దాని మీద ఆ పిల్ల. ఆమె మొగుడు, వాడి అన్న ఎత్తుకొచ్చి మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరు కళ్లలో టార్చి వేసి చూశాడు, మెడ పక్కన వేళ్లు పెట్టి చూశాడు. నా వైపు తిరిగి అడ్డంగా తల ఊపాడు. వచ్చేసరికే పోయింది.

నేను వాడిని దగ్గర నుంచి చూడడం అదే మొదటిసారి. సన్నగా, మామూలుగా ఉన్నాడు. ఏడుస్తున్నాడు కూడా. డాక్టరు గ్లోవ్సు తీసేసి, ఈసారి కేసు షీటు తానే రాయడానికి పెన్ను పట్టుకుని, ఎట్లా జరిగిందని అడిగాడు.

"మెట్ల మీదికెల్లి పడ్డది సార్. బట్టలు ఆరేయనీకి పోయింది. ఆమెకు ముందటి సంది తల తిరుగుతది, పడ్తది. మీ దగ్గర్నే రాసున్నది సార్, మూడుసార్లు పడ్డది. మేడంనడగుండ్రి, మేడంకు ఎరుకే."

డాక్టరు నా వైపు చూశాడు. వాడు కూడా చూశాడు. వాడి చూపులో బెదిరింపు లేదు, తోడు రమ్మని అడిగినట్టు ఉంది. చావు కాబట్టి ఎర్ర రిజిస్టర్ తీశాను. మూడుసార్లు తీయాల్సిన రిజిస్టర్‌ను ఆరోజు తీశాను. వాడు చెప్పింది చెప్పినట్టు డాక్టరు చెప్తుంటే రాశాను. ఒక అక్షరం రెండుసార్లు పడింది.

ఆ పిల్ల అవ్వ ఉట్నూర్ నుంచి జీపు పట్టుకుని, బస్సు పట్టుకుని వచ్చేసరికి సాయంత్రమైంది. నేను డ్యూటీ దిగి వెళ్లిపోయాను. ఉండాలంటే ఉండొచ్చు, ఉండలేదు. తన బిడ్డను కొట్టి చంపారని ఆమె ఠాణాలో పిటిషన్ ఇచ్చిందని మర్నాడు తెలిసింది. పోస్టుమార్టంలో తల వెనక దెబ్బ అని వచ్చింది. మెట్ల మీది నుంచి పడినా అట్లా కావచ్చు, ఎవరైనా గోడకేసి కొట్టినా కావచ్చు అని రాశారు. ఎస్సై వచ్చి పాత రిజిస్టర్ పేజీలు జిరాక్స్ తీసుకుంటూ, "మూడుసార్లు ఆమెనే పడ్డ అని చెప్పిందా?" అని అడిగాడు.

"గట్లనే రాసున్నది సార్" అన్నాను.

అడిగినదానికి అది జవాబు కాదు. ఆయనకు అర్థమైందో లేదో, రాసుకుని వెళ్లిపోయాడు. కాలనీలో సంఘం ఆడవాళ్లు కూడా అదే చెప్పారట, మాతో పడ్డననే చెప్పింది సార్ అని. లోన్‌తో పాటే బీమా ఉంటుంది కాబట్టి ఆ పిల్ల అప్పు రద్దయిందని, మిగతావాళ్లకు మళ్లీ లోన్ ఇచ్చారని తర్వాత విన్నాను. లీడరమ్మ ఒకసారి బజారులో కనిపించి, నన్ను చూసి రోడ్డు దాటి అవతలికి పోయింది. ఆమెను ఏమంటాను? తిలాపాపం తలా పిడికెడు. నా పిడికెడు పెద్దది.

రెండేళ్ల తర్వాత కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. అప్పటికి నా రిటైర్మెంటుకు ఎనిమిది నెలలుంది. మా డాక్టరు వేరే జిల్లాకు పోయాడు. ఆయన సాక్ష్యం ముందే అయిపోయింది. పాత పేజీల్లో రాసింది క్లర్క్, నేను సంతకం పెట్టాను అన్నాడట. అబద్ధమేం చెప్పలేదు పాపం.

బోనులో నిలబడ్డాను. వాడి వకీలు మూడు పేజీలు చూపించాడు, ఒకటి తర్వాత ఒకటి.

"ఇది మీ చేతిరాతేనా?"

"అవును."

"జారిపడ్డది అని రాసింది మీరేనా?"

"అవును."

"ఎవరైనా మిమ్మల్ని బెదిరించి రాయించారా?"

"లేదు."

మూడు పేజీలకూ అవే ప్రశ్నలు, అవే జవాబులు. వాడు ఒక పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. నేను వాడి తరఫున పిలిచిన సాక్షిని కాదు, కానీ వాడికి నాకంటే మంచి సాక్షి దొరకలేదు. తర్వాత సర్కారు వకీలు మళ్లీ లేచింది. ఆడమనిషి, నా మొహం చూసి ఏదో అనుమానపడ్డట్టుంది. మెల్లగా అడిగింది.

"ఆ అమ్మాయి మీతో విడిగా ఇంకేమైనా చెప్పిందా అమ్మా? బాగా గుర్తు తెచ్చుకుని చెప్పండి."

నా చెవి దగ్గర ఆ పిల్ల ఊపిరి అంతా గుర్తుంది. ఆయిన కొట్టిండు అక్కా. కింద పడేసి తన్నిండు. చెప్తే నాలుగు మాటలు. చెప్పగానే, మరి ఎందుకు రాయలేదు, సర్కారు రికార్డులో తెలిసి తప్పు రాశావా, అసలు ఆ గడి నింపడానికి నువ్వెవరు అంటారు. పెన్షన్ ఆగుతుంది. మా ఆయనకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఇవన్నీ ఒక్క నిమిషంలో నా తలలో తిరిగాయి. లోన్ సారు కూడా ఇట్లాగే లెక్క వేసుకున్నాడు, లీడరమ్మ కూడా ఇట్లాగే లెక్క వేసుకుంది. వాళ్ల మీద కోపం తెచ్చుకున్న నా నోరు అప్పుడు ఇట్లా అంది.

"గుర్తు లేదమ్మా."

ఆమె ఒక్క క్షణం చూసి కూర్చుంది. కేసు నిలవలేదు. కొన్ని నెలలకు వాడిని వదిలేశారు.

ఆరోజు కోర్టు నుంచి గబగబా మెట్లు దిగుతుంటే కింద గోడ పక్కన కూర్చున్న ఒక ముసలామె లేచి నాకు ఎదురొచ్చింది. వాయిల్ చీర, భుజం మీద సంచి. ముందు పళ్ల మధ్య సందు. ఎవరో చెప్పాల్సిన పని లేకపోయింది.

"దవాఖానల రాసే అక్కవు నువ్వేనా బాయి?" అని అడిగింది.

అవునన్నాను. నా రెండు చేతులూ పట్టుకుంది. కొట్టడానికే పట్టుకుందేమో అనుకున్నాను. కొడితే బాగుండేది.

"నన్ను బయటనే కూసోబెట్టిండ్రు, లోపట నువ్వేం జెప్పినవో నాకు ఎరుకలే బిడ్డా. వకీళ్ల మాట నాకు తెల్వది. నువ్వు మంచిగనే చెప్పుంటవు. నా బిడ్డ నీ గురించి మస్తు చెప్పేది."

"ఏం చెప్పింది?" అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"ఫోన్ల చెప్పేది. నాకు ఫికర్ చేయకవ్వా, దెబ్బ తాకినా ఈడ దవాఖానల ఒక అక్క ఉన్నది, మంచిది, చాయ్ తాపింది అనేది. గా అక్క డ్యూటీ ఎన్నడుంటదో అడుక్కొని, గా దినమే పోతనవ్వా అనేది. వేరేటోళ్లయితే పోలీసోళ్లను పిలుస్తరు, గామెయితే మనం చెప్పినట్టే రాసి జల్ది ఇంటికి తోలుతది అనేది." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "ఒకసారి పక్కబొక్కలు ఇరిగినంక గూడ నీ డ్యూటీ లేదని ఒక దినమంతా ఇంట్లనే ఓర్సుకొని ఉన్నదట బిడ్డా."

ఆమెకు ఆదిలాబాద్ బస్సు టైమవుతోంది. చేతులు వదల్లేక వదిలి, "నీ కడుపు సల్లగుండ" అని నా తల మీద చేయి పెట్టి పోయింది. నేను చెప్పాల్సిన మాట అప్పుడు కూడా చెప్పలేదు.